మొక్కలు లెక్కపెడితే అడవి తేలుతుందా? – హరిత క్రెడిట్లు, పరిహార వనాలు, జామాయిల్ తోటలు

మణికొండ మోదుగ

అందరికీ నమస్కారం. నేను గచ్చిబౌలి వైపు ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్నాను. పర్యావరణ వ్యవహారాలు చూసే విభాగంలో ఉన్నది ఇద్దరమే కాబట్టి రాతపని అంతా నా మీదే పడుతుంది. పోయిన వారం ఒక మధ్యవర్తి సంస్థ మాకు ఒక ప్రతిపాదన పంపింది. గోదావరి ఒడ్డు జిల్లాల్లో ‘క్షీణించిన అటవీ భూమి’ 20 హెక్టార్లలో 22,000 మొక్కలు నాటించడానికి మేము డబ్బు ఇస్తే, దానికి హరిత క్రెడిట్లు (చెట్లు పెంచినందుకు కేంద్రం పథకంలో లెక్కగట్టి ఇచ్చే పాయింట్లు) వస్తాయనీ, ఒక శనివారం ఉద్యోగులను బస్సుల్లో తీసుకువెళ్లి తలా ఒక మొక్క నాటిస్తామనీ అందులో ఉంది. దీని మీద రెండు పేజీల నోటు రాసి ఇమ్మని మా పై అధికారి అడిగారు.

ఆ ప్రతిపాదనలో ‘నాటడానికి ముందు’ అని పెట్టిన ఫోటో దగ్గర నేను ఆగిపోయాను. పెద్ద పెద్ద గుండ్లు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, నడుము ఎత్తు గడ్డి, దూరంగా రెండు ఈతచెట్లు. 2025 మార్చి ఆఖరులో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి యంత్రాలు దిగినప్పుడు చదునైపోయిన నేల కూడా అచ్చం ఇలాగే ఉండేది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించే నాటికే వంద ఎకరాల దాకా చెట్టూ పొదా పోయాయి. ఆ రాత్రుల్లో నెమళ్లు అరుస్తుంటే మా అపార్ట్‌మెంటులో ఎవరమూ నిద్రపోలేదు. అక్కడ అడవి అని మేమంతా గొంతు చించుకున్న నేలనే, ఇక్కడ ‘క్షీణించినది’ అని ఒప్పుకొని, దాని మీద గుంతలు తీయించడానికి డబ్బు ఇవ్వవచ్చునా అన్నది నా సందేహం. ఇందులో మంచి ఉంటే మంచే రాస్తాను. తెలిసినవారు చెప్పగలరు.

విశ్రాంత రేంజి

అమ్మా, మీ ప్రశ్న సరైనదే. అయితే మొక్కలు నాటే ప్రతి పనీ మోసమని మొదలుపెడితే నేను ఒప్పుకోను. ముప్ఫై ఒక్క ఏళ్లు అడవి ఉద్యోగం చేశాను. నా చేతుల మీదుగా నాటించినవి కొన్ని ఇప్పుడు నీడ ఇస్తున్నాయి, కొన్ని జాడ లేకుండా పోయాయి.

ముందు డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. 1980 అటవీ సంరక్షణ చట్టం వచ్చాక, గనికో ప్రాజెక్టుకో అటవీ భూమిని మళ్లించాలంటే కేంద్రం అనుమతి తప్పనిసరి అయింది. భూమి తీసుకున్నవారు బదులుగా మరొకచోట వనం పెంచడానికి అయ్యే ఖర్చు కట్టాలి, దానికి తోడు పోయిన అడవికి ‘నికర వర్తమాన విలువ’ అని కట్టే లెక్క ఒకటి ఉంటుంది. అడవుల రక్షణ మీద నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశాల తరువాత ఈ సొమ్మంతా ఒకచోట పోగుపడుతూ వచ్చింది. 2016లో పరిహార వనీకరణ నిధి చట్టం చేశారు. 2019 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు ఒక్కసారిగా 47,436 కోట్ల రూపాయలు విడుదల చేసింది. అందులో తెలంగాణ వాటా 3,110 కోట్లు. ఆ మొత్తం చూసి మీరు సంతోషించవచ్చు కానీ, నాకు మాత్రం అది పోయిన అడవికి రసీదులాగే కనిపిస్తుంది.

ఇంత డబ్బు వచ్చాక నాటడానికి నేల కావాలి. నిజంగా బోడిగా, ఎవరి పశువూ మేయని, ఎవరి నాగలీ తగలని నేల ఎక్కడుందో చెప్పండి. అందుకని చిట్టడివి, గడ్డి నేలలు, కంచలు ‘క్షీణించిన’ వరుసలోకి వచ్చేస్తాయి. కంచ అనే మాటకు మన ఊళ్లలో అర్థమే పశువుల మేతకు కాపాడుకున్న గడ్డి నేల అని.

ఇంకొక సంగతి పుస్తకాల్లో ఉన్నా గుంతలు తీసేటప్పుడు ఎవరికీ గుర్తు రాదు. మన అడవిలో మోడులా కనిపించే చోట నేల కింద తునికి, నల్లమద్ది, సోమి, పాలకొడిసె వేళ్లు సజీవంగా ఉంటాయి. ఎండాకాలం అగ్గి తగలకుండా, రెండు మూడేళ్లు మేకలు పడకుండా చూస్తే ఆ వేళ్ల నుంచి పిలకలు తన్నుకొస్తాయి. మొలక ఎదగడానికి పదేళ్లు పట్టేచోట పాతవేరు పిలక మూడేళ్లలో మనిషెత్తు అవుతుంది. దీనికి అయ్యే ఖర్చు కాపలావాడి జీతం, అగ్గి రేఖల (మంట పాకకుండా ఎండుటాకు తీసి ఉంచే బాటల) పని, అంతే. జేసీబీ పెట్టి ఆ వేళ్లనే తెంపి, గుంత తీసి, అందులో నర్సరీ మొక్కను కూర్చోబెట్టినప్పుడు మాత్రం రిజిస్టరులో ఒక అంకె పెరుగుతుంది. పిలకను లెక్కించే గడి ఆ రిజిస్టరులో లేదు.

సత్తుపల్లి నల్లరేగడి

నేను ఇప్పుడు కూకట్‌పల్లిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను గానీ, సత్తుపల్లి వైపు ఆరు ఎకరాల్లో జామాయిల్ ఉంది. ఇక్కడ జామాయిల్ పేరు ఎత్తగానే అందరూ తిడతారని తెలుసు, అందుకే రైతు మాట కూడా ఒకటి ఉండాలని రాస్తున్నాను.

పత్తికి పురుగు, మిరపకు తెగులు, కూలీలు దొరకరు, పిల్లలు పట్నంలో ఉంటారు. వీటన్నిటికీ మించి కోతులు. వేరుశనగ వేస్తే పీకుతాయి, మొక్కజొన్న వేస్తే విరుస్తాయి. కోతి ముట్టని పంట జామాయిల్ ఒక్కటే. క్లోన్ మొక్క పెడితే నాలుగేళ్లకు మొదటి కోత, మోడు పిలకల మీద మళ్లీ రెండో కోత, మూడో కోత. అడవిలో కర్ర కొట్టకుండా రైతుల దగ్గర కొనుక్కోవాలని మిల్లులకు చెప్పింది 1988 జాతీయ అటవీ విధానమే కదా. కాబట్టి నా తోట వల్ల ఎక్కడో అడవి మిగిలిందని కూడా అనవచ్చు.

దీనికి ఇంకొక వైపు కూడా ఉంది. అందరూ ఒకేసారి కోతకు వస్తే కర్ర ధర పడిపోతుంది, లారీ వేబ్రిడ్జి దగ్గర నిలబడ్డ రోజులకు కర్ర ఎండి తూకం తగ్గుతుంది, ఆ నష్టం నాదే. గట్టు పక్కన మా పాలివారి చేనులో మూడు నాలుగు సాళ్ల పత్తి ఏటా గిడసబారిపోయేది. ఊరి పెద్దలు చెబితే గట్టు వెంట లోతుగా కందకం తవ్వించి వేళ్లు నరికించాను. ఆ తరువాత కొంత నయం. బావిలో నీటి సంగతి నేను ప్రమాణం చేసి చెప్పలేను, వానలూ తగ్గాయి, బోర్లూ పెరిగాయి.

నేను చెప్పేది ఒకటే. నాది తోట. పత్తి చేను ఎలాంటిదో ఇదీ అలాంటిదే. దీన్ని అడవి అని నేను ఎన్నడూ అనలేదు. ఎవరు అన్నారో వారిని అడగండి.

చదరపు కిలోమీటరు

నల్లరేగడి గారూ, ఎవరు అన్నారో నేను చెబుతాను. దేశంలో అడవుల లెక్క రెండేళ్లకొకసారి కట్టే భారత అటవీ సర్వేక్షణ సంస్థ నిర్వచనం ప్రకారం, ఒక హెక్టారు లేదా అంతకు మించిన విస్తీర్ణంలో 10 శాతం చెట్ల పందిరి ఉంటే అది ‘అటవీ ఆవరణ’. ఆ నేల ఎవరిది, ఆ చెట్లు ఏ జాతివి, వాటిని ఎప్పుడు నరుకుతారు అన్న ప్రశ్నలు నిర్వచనంలోనే వద్దనుకున్నారు. మామిడి తోట, కొబ్బరి తోట, మీ ఆరు ఎకరాల జామాయిల్, అన్నీ అందులోకి వస్తాయి. ఉపగ్రహ చిత్రంలో ఒక చుక్క అంటే నేల మీద సుమారు 23.5 మీటర్ల చదరం. ఆ చదరం పచ్చగా ఉందా లేదా అన్నంత వరకే దానికి తెలుస్తుంది.

2021 నివేదికలో అంతకు ముందు రెండేళ్లతో పోలిస్తే ఆంధ్రప్రదేశ్‌లో 647, తెలంగాణలో 632 చదరపు కిలోమీటర్ల అటవీ ఆవరణ పెరిగిందని రాశారు. దేశంలో మొదటి రెండు స్థానాలూ తెలుగువారివే. పత్రికలు పండుగ చేసుకున్నాయి. ఆ పెరుగుదలలో హరితహారం ఎంత, రైతుల జామాయిల్, సుబాబుల్, సరుగుడు ఎంత, నిజంగా కోలుకున్న అడవి ఎంత అన్నది ఆ అంకెను చూసి ఎవరూ చెప్పలేరు. నాలుగేళ్లకు నల్లరేగడి గారు కోతకు వచ్చిన ఏడు అదే అంకె తగ్గుతుంది. అప్పుడు ‘అడవి తగ్గింది’ అని మళ్లీ పత్రికలు రాస్తాయి, పాపం ఆయన మీద నింద పడుతుంది.

నిర్వచనం ఇంత వదులుగా ఉంటేనే బదులు లెక్క సాధ్యమవుతుంది. గ్రేట్ నికోబార్ దీవిలో 130 చదరపు కిలోమీటర్ల వానడవిని ప్రాజెక్టుకు మళ్లించి, దాని పరిహార వనాన్ని హర్యానాలో పెంచుతామన్నారు. సముద్రం మధ్య వానడవికీ, ఆరావళి అంచు ఎండు నేలకూ ఉమ్మడిగా ఉన్నది హెక్టారు అనే కొలత ఒక్కటే. అమ్ముకునేవాడికి ఆ ఒక్కటీ చాలు.

బాగ్‌లింగంపల్లి పాఠకుడు

హర్యానా సంగతి నిజమేనా? నికోబార్ మెగాపోడ్ పిట్టకు రైలు టికెట్టు కూడా ఇస్తారేమో మరి.

నిర్వాహకులు

చమత్కారాలు ఒకటికి మించకుండా చూసుకోవలసిందిగా సభ్యులకు మనవి.

తునికాకు

నాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఉస్మానియాలో పరిశోధన చేస్తున్నాను. మా ఇంట్లో మొదటి తరం పట్నానికి వచ్చినది నేనే. మణికొండ మోదుగ గారి ప్రతిపాదనలో ఉన్న 20 హెక్టార్లు ఏ ఊరివో రాయలేదు కానీ, అలాంటి నేల ఒకటి మా ఊళ్లో ఉండేది.

మా తాత అక్కడ జొన్న, కంది వేసేవాడు. వన సంరక్షణ సమితుల కాలంలో, 2002 తరువాత ప్రపంచ బ్యాంకు అప్పుతో సామూహిక అటవీ యాజమాన్య పథకం నడుస్తున్నప్పుడు, ఆ పోడులో జామాయిల్ పెట్టించారు. అడవి మీదే, కోతకు వచ్చాక వాటా మీదే అని చెప్పారు. గుంతలు తీసినన్నాళ్లు కూలి దొరికింది. తరువాత కాపలా పెట్టారు. వాటా ఎంత వచ్చిందో మా నాన్నను అడిగితే, ఆ సమితి అధ్యక్షుడి ఇంట్లో ఒక ఇనుప బీరువా ఉండేదని మాత్రం చెబుతాడు.

చిన్నప్పుడు ఆ తోటలో నుంచి బడికి వెళ్లేవాళ్లం. అవతలి అడవిలో మే నెలలో కూడా ఏదో ఒకటి కదులుతూ ఉండేది, బంకనక్కెర కాయలో, మొర్రిపండ్లో దొరికేవి. జామాయిల్‌లోకి అడుగుపెట్టగానే చెవులు మూసుకుపోయినట్టు ఉండేది. కాళ్ల కింద ఎండు ఆకు గలగలలాడటం, మందువాసన, అంతే. మా అమ్మ ఆ వరుసల్లోకి వంటచెరకు కోసం తప్ప ఎన్నడూ వెళ్లలేదు. అక్కడ ఏరుకోవడానికి ఏమీ లేదు. ఇప్పపూలకు చీకటితో లేచి వెళ్లాలి, పశువులూ ఎలుగులూ తినకముందే ఏరాలి. తునికాకు వేసవిలో కోసి యాభై ఆకులకు ఒక కట్ట కట్టి కల్లానికి మోయాలి. నా ఇంటర్మీడియెట్ పుస్తకాలు ఆ కట్టలతోనే వచ్చాయి. ఇరవై హెక్టార్లలో ఎన్ని కట్టల ఆకు పోయిందో ఏ పరిహార లెక్కలోనూ లేదు.

2006 అటవీ హక్కుల చట్టంలో వ్యక్తి పట్టా ఒక్కటే కాక, ఊరంతా కలిసి అడవిని కాపాడుకుని, వాడుకుని, నడుపుకునే సామూహిక హక్కు కూడా ఉంది. 2023 జూన్ 30 నుంచి రాష్ట్రంలో సుమారు 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాల పోడు పట్టాలు పంచారు. మా నాన్నకూ ఒకటి వచ్చింది, కాదనను. కానీ ఊరికి సామూహిక హక్కు రాలేదు. ఆ హక్కు తేలనంత కాలం, మా గుట్ట ఎవరి పథకంలోనైనా ‘క్షీణించిన భూమి’గా చేరవచ్చు. మీ నోటులో ఏది రాసినా రాయకపోయినా, అక్కడి గ్రామసభ ఈ పనికి ఒప్పుకున్న తీర్మానం ఉందా, ఏ తేదీన చేశారు అని మాత్రం అడగండి.

విశ్రాంత రేంజి

తునికాకు గారు రాసిన దానిలో చాలా భాగం నేను కళ్లతో చూసినదే. అయినా ఒక మాట చెప్పుకోవాలి. పోడు వివాదంలో కింది ఉద్యోగి రెండు వైపుల నుంచీ నలిగిపోతాడు. పైనుంచి ఇన్ని హెక్టార్లు పూర్తి చేయమని లక్ష్యం వస్తుంది, కింద నాగలి పట్టుకున్న మనిషి నిలబడి ఉంటాడు. 2019 జూన్‌లో కాగజ్‌నగర్ దగ్గర సార్సాలలో మొక్కలు నాటడానికి వెళ్లిన మహిళా అధికారి మీద కర్రలతో దాడి జరిగింది. 2022 నవంబరులో మీ జిల్లాలోనే ఒక రేంజి అధికారి ప్రాణమే పోయింది. హద్దులు తేల్చకుండా, హక్కులు తేల్చకుండా మొక్కల అంకె మాత్రం తేల్చమన్నవారు ఆ రెండు రోజులూ ఆఫీసుల్లోనే ఉన్నారు.

తునికాకు

ఆ మరణం మా ఊళ్లనూ కుదిపింది సార్. మీరు చెప్పినదానితో నాకు పేచీ లేదు. హద్దు ముందు తేలాలి, గుంత తరువాత తీయాలి అన్నదే మా మాట కూడా.

బాగ్‌లింగంపల్లి పాఠకుడు

ఈసారి చమత్కారం లేకుండా రాస్తాను. ఈ తగవు మన దగ్గర మొదలైనది కాదు. బస్తర్‌లో 1970ల చివర సాలు చెట్ల అడవిని కొట్టి కాగితం గుజ్జు కోసం పైన్ చెట్లు వేయాలని ప్రపంచ బ్యాంకు సాయంతో పథకం పెట్టారు. ఆదివాసుల వ్యతిరేకతతో 1980ల మొదట్లో అది మూలపడింది. అదే కాలంలో అప్పటి బీహార్‌లోని సింగ్‌భూమ్‌లో సాలు తీసి టేకు పెడుతుంటే, సాలు అంటే జార్ఖండ్, టేకు అంటే బీహార్ అన్న నినాదం పుట్టింది. సాలు వారికి గింజ ఇస్తుంది, ఆకు ఇస్తుంది, దేవుడి గుడి కూడా అదే. టేకు కాంట్రాక్టరుకు దుంగ ఇస్తుంది. ఏ చెట్టు ఎవరిదో వారికి ఏ అటవీ శాస్త్రమూ చదవకుండానే తెలిసింది.

నాకు అన్నిటికంటే నచ్చేది కర్ణాటక ఉదంతం. ధార్వాడ ప్రాంతంలో ఊరుమ్మడి భూములను ప్రభుత్వం, ఒక గుజ్జు కర్మాగారం కలిసి పెట్టిన సంస్థకు నీలగిరి (మన జామాయిల్) తోటల కోసం అప్పగించారు. 1987 నవంబరు 14న కుస్నూరు రైతులు ‘కిత్తికో హచ్చికో’ అని సత్యాగ్రహం చేశారు. పీకు, నాటు అని దాని అర్థం. నీలగిరి మొక్కలు పీకి, వాటి స్థానంలో తమకు పనికొచ్చే చెట్లు నాటారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, చివరకు ఆ ఉమ్మడి సంస్థనే మూసేశారు. అదే కర్ణాటక 2017లో కొత్తగా నీలగిరి నాటడాన్ని నిషేధించింది. ముప్ఫై ఏళ్లు పట్టింది, అయినా చేసింది.

నిజాంపేట నివాసి

అడవుల దాకా ఎందుకు, నగరంలోనే చూడండి. హరితహారం 2015 జూలై 3న చిలుకూరులో మొదలైనప్పుడు రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచాలనీ, 230 కోట్ల మొక్కలు నాటాలనీ లక్ష్యం పెట్టారు. హైదరాబాద్‌కు 2022లో ప్రపంచ హరిత నగర పురస్కారం కూడా వచ్చింది. ఆ పథకంలో మంచి జరగలేదని నేను అనను. ఔటర్ రింగ్ రోడ్డు వెంట ఇప్పుడు ఉన్న చెట్లు నా ఉద్యోగం తొలి రోజుల్లో లేవు.

అయితే అంకె వెంట పరుగెత్తినప్పుడు ఏం జరుగుతుందో మా కాలనీ చెబుతుంది. త్వరగా పెరగాలి, మేక తినకూడదు, నీళ్లు తక్కువైనా చావకూడదు అన్న షరతులన్నిటికీ సరిపోయినది కోనోకార్పస్. మా వీధి పొడవునా అదే పెట్టారు. మూడేళ్లకు గోడలాగా లేచింది, మేమూ మురిసిపోయాము. తరువాత డ్రైనేజీ పైపులో వేళ్లు దూరాయి. పూత సమయంలో మా ఆవిడకు ఆయాసం ఎక్కువైంది, దానివల్లే అని డాక్టరుగారు గట్టిగా చెప్పలేదు గానీ అనుమానించారు. అటుపైన ఆ మొక్కను నాటవద్దని ఇక్కడా ఆదేశాలు వచ్చాయి, గుజరాత్ 2023లో నిషేధించింది. ఇప్పుడు మా వీధిలో వాటిని కొట్టిస్తున్నారు. నాటిన ఏడాది అవి లెక్కలోకి ఎక్కాయి, కొట్టినప్పుడు ఎవరూ తీసివేత రాసినట్టు లేదు.

మణికొండ మోదుగ

అందరికీ కృతజ్ఞతలు. నోటు మొదలుపెట్టాను. ఒక సందేహం. మా పై అధికారి వాదన ఏమిటంటే, జాతి ఏదైనా చెట్టు చెట్టే, కర్బనం పీలుస్తుంది, మన డేటా సెంటర్ల పొగకు అది చెల్లుకు చెల్లు అవుతుంది అని. దీనికి ఏమని జవాబు చెప్పాలి?

చదరపు కిలోమీటరు

పీల్చడం నిజమే, పట్టి ఉంచడం దగ్గరే వస్తుంది చిక్కంతా. నాలుగేళ్లకు కొట్టిన జామాయిల్ కాగితమవుతుంది, కాగితం చెత్తకుప్పకో మంటకో చేరుతుంది, పీల్చినది తిరిగి గాలిలో కలుస్తుంది. మీ డేటా సెంటరు కోసం కాల్చిన బొగ్గు వదిలినది మాత్రం వందల ఏళ్లు పైనే ఉంటుంది. కర్బనం తగ్గించినందుకు క్రెడిట్లు ఇచ్చిన ఐక్యరాజ్యసమితి పాత స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగంలో వనీకరణకు తాత్కాలిక క్రెడిట్లు మాత్రమే ఇచ్చేవారు, గడువు తీరాక వాటి స్థానంలో వేరేవి చూపాలి. చెట్టు కాలవచ్చు, కూలవచ్చు అన్న జ్ఞానం ఆ నియమం రాసినవారికి ఉంది.

2019లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం, అడవుల పునరుద్ధరణకు దేశాలు మాట ఇచ్చిన విస్తీర్ణంలో 45 శాతం వాణిజ్య తోటలే. సహజంగా అడవిని ఎదగనిస్తే అదే నేల తోట కంటే సుమారు 40 రెట్లు కర్బనాన్ని నిలవ ఉంచుతుందని వారు అంచనా కట్టారు. ఇక ‘ఈ అడవిని నరకబోయారు, మేము ఆపాము’ అని చెప్పి అమ్మే క్రెడిట్ల సంగతి వేరే. 2023 జనవరిలో గార్డియన్, జర్మనీ పత్రిక డీ జైట్, సోర్స్‌మెటీరియల్ కలిసి చేసిన పరిశోధనలో, అందరికంటే పెద్ద ధ్రువీకరణ సంస్థ వెర్రా ఆమోదించిన వానడవి క్రెడిట్లలో 90 శాతానికి పైగా నిజమైన తగ్గింపును సూచించవని తేలింది. ఆ సంస్థ దాన్ని ఖండించింది. కానీ నరకబోయారు అన్నది ఊహ, ఊహను ఎంత పెంచి రాస్తే అన్ని క్రెడిట్లు. మన ఊరి భాషలో చెప్పాలంటే, పుట్టని దూడకు పాల లెక్క.

హరిత క్రెడిట్ల సంగతి కూడా నోటులో పెట్టండి. 2023 అక్టోబరులో నియమాలు వచ్చాయి. 2024 ఫిబ్రవరి పద్ధతిలో హెక్టారుకు కనీసం 1,100 చెట్లు, చెట్టుకు ఒక క్రెడిట్ అన్నారు. మీ 22,000 అక్కడి నుంచే వచ్చింది, ఇరవైతో గుణించి చూసుకోండి. చిట్టడివి, బంజరు, నీటి పరీవాహక నేలలు అన్నీ నాటదగినవే అన్నారు. పరిహార వనీకరణ బాధ్యతకు కూడా ఈ క్రెడిట్లు చూపుకోవచ్చన్నారు. అంటే మీ శనివారపు మొక్కలు రేపు ఎక్కడో ఒక గనికి అనుమతి పత్రంతో జతకావడానికి ఆ నియమాల్లో దారి ఉంది. విమర్శలు రాగా 2025 ఆగస్టులో పద్ధతి సవరించి, ఐదేళ్లు గడిచి 40 శాతం పందిరి ఏర్పడ్డాకే క్రెడిట్ అన్నారు. మొక్క పాతగానే లెక్క రాసుకునే తీరు కంటే ఇది మెరుగే. అయితే మన గుండ్ల నేలల మీద, గడ్డి కంచల మీద 40 శాతం పందిరి సహజంగా రాదు. రప్పించాలంటే బయటి మొక్క తేవాలి, లేదా గడ్డిని చంపాలి.

సత్తుపల్లి నల్లరేగడి

హెక్టారుకు 1,100 అంటే మూడు మీటర్లకు ఒక మొక్క. గుండు మీద కూడా పెడతారా?

విశ్రాంత రేంజి

పెట్టిన సందర్భాలు నాకు తెలుసు. మట్టి మోసుకొచ్చి గుండు సందులో పోసి పెట్టారు. అంకె తగ్గితే పై నుంచి మెమో వస్తుంది.

మణికొండ మోదుగ

నోటు ఇచ్చేశాను. ముఖ్యమైన భాగం ఇక్కడ పెడుతున్నాను.

‘ప్రతిపాదించిన 20 హెక్టార్లలో మొక్కలు నాటే పథకానికి నిధులు ఇవ్వవద్దని సిఫారసు చేస్తున్నాను. ఆ నేల కంపార్ట్‌మెంటు సంఖ్య, అక్కడ ఇప్పుడున్న చెట్ల, గడ్డి జాతుల జాబితా, గ్రామసభ తీర్మానం, హక్కుల దరఖాస్తుల స్థితి, ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ ప్రతిపాదనలో లేదు. ఇవి లిఖితపూర్వకంగా వచ్చి, గ్రామసభ కోరితే, అదే సొమ్మును కొత్త మొక్కల మీద కాక, ఉన్న వేళ్లను అగ్గి నుంచి, మితిమీరిన మేత నుంచి పదేళ్లు కాపాడే పనికి, ఆ ఊరివారికే కూలిగా ఇవ్వవచ్చు. దీనివల్ల వచ్చే ఏ క్రెడిట్‌నూ మన విద్యుత్ వినియోగానికి బదులుగా చూపకూడదు. డేటా సెంటర్ల వినియోగం తగ్గింపు ప్రణాళికను వేరుగా జతచేస్తున్నాను.’

పై అధికారి మొత్తం చదివారు. వాదించలేదు. ఒక్క ప్రశ్న అడిగారు: ‘అయితే ఆ శనివారం ఉద్యోగులు ఏం చేస్తారు?’ బస్సులు మాట్లాడేశారట.

విశ్రాంత రేంజి

‘పదేళ్లు’ అన్నచోట ‘కనీసం పదేళ్లు’ అని మార్చండి. ఇక బస్సుల సంగతి. వానాకాలంలో ఆ నేల మీద మీవాళ్లకు పని ఏమీ లేదు, దానంతట అది పెరుగుతుంది. ఊరివారు రమ్మంటే ఫిబ్రవరిలో తీసుకురండి. ఆకు రాలే కాలం. అగ్గి రేఖ వెంట మూడు మీటర్ల వెడల్పున ఎండుటాకు ఊడ్చి పక్కకు తీయాలి. రోజుకు మనిషి ఎంత దూరం ఊడ్వగలడో తునికాకు గారి నాన్నగారు చెబుతారు. తాగునీళ్లు, టోపీ, పాత చెప్పులు కాక బూట్లు తెచ్చుకోమనండి. ఫోటోలో మాత్రం ఊడ్చిన నేల తప్ప ఏమీ పడదు, అది ముందే చెప్పండి.

తునికాకు

నాన్నను అడిగాను. పొద్దు ఎక్కకముందు మొదలుపెట్టాలి, బస్సు తొమ్మిదింటికి వస్తే పని కాదు అన్నాడు. ముందు రోజు రాత్రికే వచ్చి బడిలో పడుకోమన్నాడు. ఎంతమంది వస్తారో పది రోజుల ముందు చెబితే చీపుళ్లు కట్టించి పెడతామన్నాడు.